సోమవారం సెలవు తీసుకున్న ఫ్రిజ్

మంగళవారం పొద్దున ఏడుంబావుకు ఫ్రిజ్ మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి, మందు సీసా పట్టుకున్నాను. సీసా చల్లగా లేదు.

వేడిగానూ లేదు. వంటింటి గట్టు మీద పెట్టి మరిచిపోయిన గిన్నెలా, గది ఎలా ఉందో అదీ అలాగే ఉంది. పక్కనున్న ఐసు డబ్బాను కదిపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి. చిన్న థర్మామీటరులో ముల్లు ఆకుపచ్చ గీతను దాటి ఎర్ర గీత చివర నిలబడి ఉంది. రెండు వీధుల అవతల అంజమ్మక్క గంటన్నర నుంచి అవే సీసాల్లోని మందును గొర్రెలకు సూదులు వేస్తోంది. అరవైకి వేసేసింది. ఇంకో ఇంటికి పోవాలి, ఇంకో సీసా తెమ్మని నన్ను పంపింది.

పిల్లల టీకాల కార్డులను పెళ్ళి సర్టిఫికెట్ ఉన్న కవరులోనే దాచుకునే మనిషిని నేను. చల్లదనం పోయిన టీకా మందు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనవసరం లేదు.

తిరిగి వచ్చి వారమైంది. పిల్లలు పడుకున్నాక కొంచెం కొంచెంగా రాస్తున్నాను. అటువైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం మొదటి నుంచి చెబుతాను.

పెద్దది పుట్టకముందు మూడేళ్ళు నేనొక ప్రాజెక్టులో పనిచేశాను. వికారాబాద్ జిల్లాలో రెండు ఊళ్ళు: ఒకటి కోట్‌పల్లి దాటాక, ఇంకొకటి తాండూరు దాటాక. రెండింట్లోనూ గొర్రెల మందలు ఎక్కువ, పశువుల ఆసుపత్రి దూరం. ఎండతో నడిచే చిన్న ఫ్రిజ్ ఒక్కో ఊరికి ఒకటి ఇచ్చి, ఊరికో ఆడమనిషికి సూదులు వేయడం నేర్పించాం. ఆసుపత్రి నుంచి వచ్చిన మందు ఊళ్ళోనే చల్లగా ఉంటుంది, మంద మేతకు కదలకముందే తెల్లవారుజామున సూది పడుతుంది. అంతే ప్రాజెక్టు. డబ్బులిచ్చిన సంస్థ గడువు తీరాక అందరం వచ్చేశాం. చివరి నివేదికలో "ఇకపై ఈ ఫలితాలను గ్రామస్తులే నిలబెట్టుకుంటారు" అని ఒక వాక్యం ఉంది. అది నేను రాసిందే. అప్పుడు నాకు ఏడో నెల. త్వరగా ముగించి పడుకోవాలని ఉంది.

కోట్‌పల్లి వైపు ఊళ్ళో సూదులు నేర్చుకున్న మనిషి అంజమ్మక్క. ఏటా రెండు మూడుసార్లు ఫోన్ చేస్తుంది. ఈసారి, "సూదుల కాలం వచ్చింది. ఒక్కపారన్న వచ్చి చూసిపో," అంది. నా వాక్యం నిలబడిందో లేదో చూడాలని నాకూ ఉంది. పిల్లలను మా అత్తగారికి, మా ఆయనకు అప్పగించి బయలుదేరాను.

వికారాబాద్‌లో ముంజలు

సోమవారం పొద్దున లింగంపల్లిలో రైలెక్కాను. తల్లినయ్యాక పిల్లలు లేకుండా ఎక్కిన మొదటి రైలు. ఒళ్ళో ఏమీ లేకపోవడం ఎంత వింతగా ఉందంటే, బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. శంకరపల్లి దాటేలోపు ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి మా ఆయన ఎత్తగానే, "ఇద్దరూ ఇంకా మనింట్లోనే ఉన్నారు," అన్నాడు.

వికారాబాద్ స్టేషన్ బయట ఒక పెద్దావిడ తాటిముంజలు అమ్ముతోంది. డజను వంద రూపాయలు. మా తెనాలి వైపు కాయ చెక్కి చేతికిస్తారు, బొటనవేలితో తోడుకుని తినాలి, నీళ్ళు మోచేతి దాకా కారాలి. ఇక్కడ ముంజలు తీసి ఆకులో పెట్టి ఇస్తారు. ఎంత మర్యాదగా తిన్నా నాకు సగం రుచి తగ్గినట్టే అనిపించింది.

"ఒక్కదానివే వచ్చినవా? పిల్లల్లేరా?" అని అడిగింది ఆవిడ.

"ఇద్దరు. ఇంటి దగ్గర ఉన్నారు. పాపకు ఆరేళ్ళు, బాబుకు మూడు."

కత్తి ఆపి నా ముఖం చూసి, ఒక ముంజ ఎక్కువ వేసింది. "ఫికర్ జెయ్యకు బిడ్డా. ఇయ్యాల ఏడుస్తరు, రేపటికి మరుస్తరు. మనమే మరువం."

ఓదార్చాలనే అంది. ఆ మాటే మనసులో తిప్పుకుంటూ బస్టాండుకు నడిచాను.

బస్సులో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. ధీమాగా చూపించాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గిది ఆంధ్రది మేడం. పైసలియ్యాలె."

నిజమే, ఇంకా తెనాలి చిరునామానే ఉంది. నా పక్క సీట్లో ముసలమ్మ ఆసక్తిగా నా వైపు తిరిగింది. "పెండ్లయి ఎన్నేండ్లాయె?"

"ఎనిమిది."

"ఎనిమిదేండ్ల సంది ఊరు మార్పిచ్చుకోలే? ఎన్నడన్న వాపస్ పోదామని గావొచ్చు."

ముందు వెనక సీట్ల వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వి డబ్బులిచ్చాను. ఆ ముసలమ్మ దిగేటప్పుడు నా చేతిలో వేయించిన శనగలు గుప్పెడు పోసి పోయింది.

అనంతగిరి దిగువన కాసేపు గాలి చల్లబడింది. కోట్‌పల్లి చెరువు దగ్గర పట్నం పిల్లలు రంగురంగుల చిన్న పడవల్లో తెడ్లు వేస్తూ చెమటలు కక్కుతున్నారు. కండక్టరు అటు చూసి, "పైసలు గట్టి మరీ కష్టపడ్తరు," అన్నాడు, ఎవరికీ కాకుండా.

ఎద్దులు ఇంట్లో ఉన్న రోజు

ఊరి పేరు రాయను. అంజమ్మక్క వద్దంది. తాతల నాటి నుంచి గొర్రెలు కాసే ఇల్లు వాళ్ళది. ఇప్పుడు సగం గొర్రెలు, సగం కంది చేను. ఒకప్పుడు నన్ను మేడం అనేది. నా పెద్దది పుట్టిందని తెలిసిన రోజు నుంచి బిడ్డా అంటోంది.

నేను వెళ్ళేసరికి ఊరంతా ఇళ్ళల్లోనే ఉంది. ఎద్దులకు నీళ్ళు పోసి, పసుపు బొట్లు పెట్టి, నీడలో కట్టేశారు. ఆ వైపు సోమవారం నాడు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. ఎంత పని ఉన్నా, అదును తప్పుతున్నా పెట్టరు. మా తెనాలి వైపు అన్నీ ట్రాక్టర్లే. వాటికి ఎప్పుడైనా అలుపు వస్తుందేమోనని ఎవరూ అడిగినట్టు గుర్తు లేదు. ఇక్కడ ట్రాక్టరు ఉన్నవాళ్ళు కూడా సోమవారం దాన్ని కడిగి నిలబెడుతున్నారు.

ఈ పద్ధతి నాకు కొత్త కాదు. ప్రాజెక్టు రోజుల్లో మా మీటింగులన్నీ సోమవారాలే పెట్టేవాళ్ళం, ఆ రోజైతే అందరూ దొరుకుతారని.

జొన్నరొట్టె, పుంటికూర, మీద వెల్లుల్లి కారం. మేం గోంగూర అనేదే పుంటికూర. దానికి మేం చేసే ఆర్భాటమేదీ ఇక్కడ లేదు, రోజువారీ కూర. మూడో రొట్టె వేస్తూ అంజమ్మక్క, "పిల్లలు తిన్నరో లేదో అని నువ్వు తినకుంటె వాళ్ల కడుపు నిండుతదా?" అంది. తిన్నాను.

"ఫ్రిజ్ చూద్దామా అక్కా?"

"ఇయ్యాల వద్దు. రేపు చూద్దువు, తెల్లారి సూదులకు పోవాలె గద."

అలిసిపోయి వచ్చానని అంటోందనుకున్నాను.

మర్నాడు చీకటితోనే తను లేచి, ఫ్రిజ్ ఉన్న పాత బడిగదికి వెళ్ళి, సీసాలు తీసుకుని మరిది మల్లేశం మంద దగ్గరికి పోయింది. తెల్లవారాక నేనూ వెళ్ళాను. మోకాళ్ళ మధ్య గొర్రెను పట్టి, తోలు లాగి, సూది దించి వదలడం. అరనిమిషం కూడా పట్టడం లేదు. నేర్పించిన రోజు చేతులు వణికిన మనిషి ఆమె. మురిసిపోయి ఫోన్‌లో ఫోటో కూడా తీసుకున్నాను. ఆ తర్వాతే ఆమె పంపితే నేను సీసా కోసం బడిగదికి వెళ్ళాను.

"నిన్న సోమారం గద"

సీసా చేత్తో పట్టుకుని పరుగెత్తుకు వచ్చాను. మల్లేశం అప్పటికే మందను తోలుకుని వెళ్ళాడు. అంజమ్మక్క ఒక్కతే సిరంజీలు సర్దుతోంది.

"ఏమైంది, పాము గిట్ల వచ్చిందా?"

"ఫ్రిజ్ ఆగిపోయిందక్కా."

"ఆగలే. పొద్దుగాల నేనే ఆన్ జేసిన."

"మరి రాత్రి?"

"నిన్న సోమారం గద," అంది, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు.

ఉగాదికి ఫ్రిజ్ రెండు రోజులు ఆగిపోయిందట. బోరు మోటార్లు బాగుచేసే ఒకాయన మర్పల్లి నుంచి వచ్చి, తీగ బిగించి, రాత్రింబగళ్ళు నడిపిస్తే దానికీ అలుపు ఉండదా అని ఒక మాట అని పోయాడు. ఆ మాట ఊళ్ళో అందరికీ సరిగ్గా తోచింది. ఎద్దుకు ఇచ్చేది దీనికెందుకు ఇవ్వకూడదు? అప్పటి నుంచి ఆదివారం పొద్దుగూకాక ఆపి, బొట్టు పెట్టి, మంగళవారం తెల్లవారుజామున నడిపిస్తున్నారు. అన్నాళ్ళూ లోపల మందు లేదు కాబట్టి ఏమీ కాలేదు. మందు వచ్చింది మొన్న గురువారం. మందుతో గడిచిన మొదటి సోమవారం నిన్నటిది.

నేను సీసాను ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె దాన్ని చెంపకు ఆనించుకుంది.

"చీకట్ల తీసిన," అంది. "ముల్లు చూడలే. చేతుల ఎరువు వాసన పోవాలని సబ్బుతోని కడిగిన గని, చేతికి సల్లగ తాకుతుందా లేదా అని చూడలే."

తిట్టాలని నాకు అనిపించలేదు. మేం రాసిచ్చిన పుస్తకంలో బ్యాటరీ గురించి, తాళం గురించి, కమిటీ సభ్యుల సంతకాల గురించి ఉంది. ఫ్రిజ్‌కు సెలవు ఉండదని ఎక్కడా లేదు. మూడేళ్ళు ప్రతి సోమవారం ఆ ఊళ్ళో కూర్చుని కూడా మాకు తోచలేదు.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశాం. ఓపికగా విన్నాడు. వేసిన మందు వల్ల హాని ఏమీ లేదు, అలాగని మేలు జరుగుతుందని నమ్మకూడదు, మిగిలినదంతా పారేయండి అన్నాడు. కొత్త స్టాకు రావడానికి పది రోజులు పట్టొచ్చు. ఈ మందు చిటుకు రోగానికి. తొలకరికి మొలిచిన లేత గడ్డి మేసిన గొర్రె పూట తిరక్కుండా పడిపోయే జబ్బు అది. పడమటి వైపు మబ్బులు అప్పటికే రెండు రోజులుగా పట్టి ఉన్నాయి. పది రోజులు ఆగేలా లేవు.

"తాండూరు అవతలి ఊళ్ళో వాళ్ళ పని అయిపోయిందని విన్నాను. మిగిలి ఉంటే అడగండి. అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను," అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నేనొక మాట అన్నాను. రాయడానికి సిగ్గుగా ఉన్నా అన్నాను కాబట్టి రాస్తున్నాను. "మల్లేశానికి ఇప్పుడేమీ చెప్పకక్కా. రెండో సూది ఉంటుందని చెప్పి మళ్ళీ వేద్దాం. హాని లేదన్నాడుగా."

అంజమ్మక్క నన్ను కోపంగా చూడలేదు. చంటిపిల్లను చూసినట్టు చూసింది. "ఆ మందు దొరక్కపోతే? వాన ముందుగాల్ల పడితే? సూది పడ్డదని వాడు పచ్చి గడ్డిల తోలుతడు. సస్తె, నేనేమని చెప్పాలె?"

చెంగు బిగించి మంద వెంట నడిచింది. వాగు గట్టు మీద మల్లేశం దొరికాడు. ఆమె ఏ ముందుమాటా పెట్టలేదు. "పొద్దుగాల ఏసింది మందు గాదు మరిదీ, నీళ్లనుకో. ఫ్రిజ్ బందు వెట్టి మందు ఖరాబు జేసిన. తప్పు నాది."

మల్లేశం తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి మళ్ళీ చుట్టాడు. "ఫ్రిజ్‌కు సోమారం ఇచ్చినవా వదినె? ముప్పై ఏండ్ల సంది గొర్లు కాస్తున్న. నాకు ఒక్క సోమారమన్న ఇచ్చిండ్రా ఎవ్వరన్న?"

నేను నవ్వబోయి ఆగాను. అతను నవ్వడం లేదు.

"సూదులమ్మ వచ్చింది, సూదులమ్మ వచ్చింది అని ఊరంత నెత్తిన వెట్టుకున్నరు. మా నాయిన కాలంల సూదులున్నయా? ఇగ నా మందల అడుగు వెట్టకు. పడితె పడ్తయి, బతికితె బతుకుతయి."

అదీ సంగతి. అరవై గొర్రెలు, ఆ అరవైతో పాటు అంజమ్మక్క ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకం, రెండూ పోయేలా ఉన్నాయి. మల్లేశం వద్దంటే రేపు ఇంకెందరు వద్దంటారో తెలియదు. దారిలో ఆమె ప్రతి గొర్రెల ఇంటి ముందూ ఆగి అదే సంగతి చెప్పింది. ఒకరు జాలిపడ్డారు, ఇద్దరు ఎగతాళి చేశారు. ఒకావిడ, "మీ ఆయనకు ఎప్పుడిస్తవు సోమారం?" అంది. "వానికి వారమంత సోమారమే," అంది అంజమ్మక్క. కానీ గొంతులో జీవం లేదు.

తాండూరు బస్సు

మందు మోసే నీలం పెట్టె భుజానికి వేసుకుని మధ్యాహ్నం బస్సెక్కాం. ఈసారి ఆధార్ బయటికి తీయకుండానే డబ్బులిచ్చాను. అంజమ్మక్క, "నాకు ఫిరీ, నీకు పైసలు. చదువుకున్నదానివి గద," అంది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

పెద్దేముల్ దాటాక నేల రంగు మారుతుంది. తాండూరు దగ్గరపడుతుంటే అంతా రాయి. మా వైపు కంచె అంటే ముళ్ళకంప. ఇక్కడ నాపరాతి పలకలను నిలబెట్టి వరసగా పాతేస్తారు. ఇంటి గోడలు రాయి, కప్పు రాయి, కొట్టం రాయి, టీ బండి ముందు బల్ల రాయి. పాలిష్ మిషన్ల నుంచి తెల్లటి పొడి లేచి చెట్ల ఆకుల మీద, ఆగిన లారీల మీద, మనుషుల కనుబొమల మీద పడుతుంది. బస్టాండులో చాయ్ పది రూపాయలు. చిన్న కప్పు, చిక్కటి పాలు, నాలుక కాలేంత వేడి. అమ్మేవాడు గిరాకీలతో తెలుగు, పక్కవాడితో కన్నడం, పైసలు అడిగేటప్పుడు ఉర్దూ మాట్లాడుతున్నాడు. ఎవరికీ అది విశేషం కాదు.

ఇంటికి ఫోన్ చేశాను. బాబు ఎత్తి, "అమ్మ ఊరెళ్ళింది," అని నాకే చెప్పి పెట్టేశాడు.

శాంతమ్మ సోమవారం

తాండూరు వైపు ఊళ్ళో సూదులు నేర్చుకున్న మనిషి శాంతమ్మ. సన్నగా, పొడుగ్గా, నోరు ఆగకుండా ఉంటుంది. ఊరు కర్ణాటక సరిహద్దుకు అంత దగ్గర కావడం వల్ల ఆమె పలకరింపు కన్నడం, సంసారం తెలుగు. "బర్రి, బర్రి, కూడ్రి," అని రమ్మంటూ, కూర్చోమంటూ పీట వేసి, అంజమ్మక్క వైపు చూసి, "ఈమె ఎవరు?" అంది.

అప్పుడు నాకు తెలిసింది. ఒకే పని, ఒకే రకం ఫ్రిజ్, ఒకే జిల్లా, రెండు గంటల బస్సు. ఈ ఇద్దరూ ఎప్పుడూ ఒకరినొకరు చూడలేదు. శిక్షణకు ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో పిలిచేవాళ్ళం, జీపులో చోటు చాలదని.

శాంతమ్మకు కథంతా చెప్పాం. నేను మధ్యలో కల్పించుకుని, ఫ్రిజ్‌కు అలుపు ఉండదని, సోమవారం సెలవు పూర్తిగా మానెయ్యాలని అంజమ్మక్కకు ఆమెతో కూడా చెప్పిద్దామని చూశాను. "అది ఎద్దు కాదు, గొర్రె అనుకోవాలి. గొర్రెను సోమవారం కూడా మేపాలి కదా," అన్నాను. బస్సులో ఆలోచించి పెట్టుకున్న పోలిక అది.

శాంతమ్మ నా పోలికను పట్టించుకోలేదు. "మానుడెందుకు? మేము గూడ సోమారం బందే వెడతం," అంది.

ఆమె మమ్మల్ని ఫ్రిజ్ ఉన్న గదికి తీసుకెళ్ళింది. ఆ రోజు మంగళవారం, ఫ్రిజ్ సన్నగా మోగుతోంది, ముల్లు ఆకుపచ్చ గీత మధ్యలో ఉంది. కొన్న నాటికంటే శుభ్రంగా ఉంది.

"ఆదివారం మాపటికి తాండూరు పోయి ఐసు తెస్త. మందంత ఐసుల వెట్టి ఈ పెట్టెల సదురుత, ముల్లు గూడ దాన్లనే వెడత. అప్పుడు ఫ్రిజ్ బందు. సోమారం పొద్దుగాల లోపల పేరుకున్న మంచు తుడుస్త, బ్యాటరీల నీళ్లు చూస్త, పైకెక్కి సోలార్ పలకలు కడుగుత. ఈ రాయి పొడికి వారం కడగకుంటె దానికి ఎండ కనపడదు. మాపటికి మల్ల ఆన్ జేస్త. సల్లగయినంక లోపల వెడత."

అంజమ్మక్క నోరు తెరుచుకుని వింటోంది.

"సోమారం దానికి ఇయ్యి అక్కా," అంది శాంతమ్మ ఆమెతో. "గని లోపలున్నోళ్లను ముందుగాల బయటికి తియ్యి. ఇల్లు అలికేటప్పుడు పిల్లలను బయట కూసోవెట్టమా?"

"నీకెవరు చెప్పిండ్రు గిట్ల?"

"ఎవరు చెప్తరు? నేను గూడ మొదటేడు మందు ఖరాబు జేసిన. తిట్లు తిన్న. రెండు నెలలు ఎవ్వరు మందలకు రానియ్యలే."

"మరి మాకు ఎందుకు చెప్పలేదు శాంతమ్మా?" అన్నాను.

"మీరు అప్పటికే పోతిరి గద మేడం," అంది. తప్పుపట్టే గొంతు కాదు. ఎండాకాలం పోయింది గద అన్నట్టు అంది.

మా పుస్తకం ఎక్కడుందని అడిగితే చూపించింది. తలుపు కొట్టుకోకుండా కింద పెట్టారు. కమిటీలో పదకొండు మంది ఉండాలి. ఎవరికీ ఎవరి పేర్లూ గుర్తు లేవు. ఆ ఫ్రిజ్‌ను ఇన్నాళ్ళు బతికించింది సోమవారమే.

రాత్రికి జొన్నరొట్టె, పుండిపల్లె. మళ్ళీ గోంగూరే, మూడో పేరుతో. ఇద్దరు ఆడవాళ్ళూ నన్ను మరిచిపోయి, ఏ మందలో ఏ కుక్క కరుస్తుంది, ఏ మగవాడు ఎలా సతాయిస్తాడు అని చెప్పుకుంటూ నవ్వుతున్నారు. ప్రాజెక్టు మూడేళ్ళలో ఏ మీటింగులోనూ అంత నవ్వు నేను వినలేదు.

"ఏం చాపలు?"

బుధవారం అక్కడి డాక్టరు సరేనన్నాక శాంతమ్మ మిగిలిన సీసాలు ఇచ్చింది. తాండూరులో ఐసు కొని పెట్టె నింపాం. మిగిలిన ఐసును కవరులో కట్టి నా బ్యాగులో పెట్టాను, దారిలో పనికొస్తుందని. గంటలోపే అది కరిగి, పిల్లల కోసం కొన్న బిస్కెట్లు, నా చీర, ఫోన్ చార్జరు అన్నీ తడిసి ముద్దయ్యాయి.

నీళ్ళు బస్సులో పారుతుంటే వెనక సీటాయన కాళ్ళు పైకి పెట్టుకుని, "ఏం చాపలమ్మా?" అన్నాడు.

"చాపలు గావు, మందు," అంది అంజమ్మక్క.

ఆయన ముఖం వెలిగింది. "సల్ల మందా?"

"గొర్ల మందు," అంది. "కావాలంటె ఒక సూది ఏస్త, కట్టమీద మేసిన గడ్డి అరుగుతది."

దారి పొడుగునా ఆమె పెట్టె మూత తీయలేదు. చేత్తో మాత్రం తడుముతూనే ఉంది, నిద్రపోయే పిల్ల నుదురు తడిమినట్టు.

ఊరు చేరాక నిన్న ఎగతాళి చేసిన ఇళ్ళకే ముందు వెళ్ళింది. రేపు తెల్లవారి వస్తానని చెప్పింది. వద్దనలేదు ఎవరూ, రమ్మని కూడా అనలేదు. మల్లేశం ఇంటి తలుపు వేసి ఉంది. అతని భార్య లోపలి నుంచే, "ఇంట్ల లేడు," అంది. అతని చెప్పులు గడప ముందే ఉన్నాయి.

గురువారం తెల్లవారి మొదటి మంద దగ్గర నేనే సీసాలు అందించాను. ప్రతి సీసానూ ఆమె చెంపకు ఆనించుకుని చూసి, గొర్రెలవాళ్ళ చేతిలో కూడా పెట్టి, "సల్లగుందా?" అని అడిగి మరీ సూదిలోకి ఎక్కించింది. మొదటి ఇంటి ముసలాయన సీసా పట్టుకుని, "కల్లు ముంత లెక్క ఉన్నది," అని తృప్తిగా తలూపాడు. నాలుగు మందలు అయ్యాయి. మల్లేశం మంద మాత్రం అప్పటికే వాగు వైపు వెళ్ళిపోయింది.

నా బస్సు పదకొండింటికి. అంజమ్మక్క రొట్టెలు కట్టి ఇచ్చింది, పిల్లలకని బెల్లం పెట్టింది. ఆదివారం పొద్దుగూకేసరికి శాంతమ్మ ఫోన్ చేస్తానందట. ఎత్తకపోతే తిడతానని కూడా అందట. మల్లేశం గురించి ఇద్దరం మాట్లాడలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే ఆమె నా వైపు చూడడం లేదు. మబ్బు వైపు చూస్తోంది.

శంకరపల్లి దగ్గర రైలు కిటికీ మీద మొదటి చినుకులు పడ్డాయి.

ఇంట్లో

పిల్లలు నన్ను మరిచిపోలేదు. బాబు రాత్రంతా నా కొంగు వేలికి చుట్టుకుని పడుకున్నాడు. నేను వాన చప్పుడు వింటూ, పడమట కూడా పడుతోందా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

శుక్రవారం పొద్దున పిల్లలకు ఇడ్లీ పెడుతుంటే ఫోన్ మోగింది. అంజమ్మక్క గొంతు వెనక గొర్రెల అరుపులు, వాటిని మించి ఒక మగగొంతు ఆపకుండా ఏదో అంటోంది. ఆమె గట్టిగా మాట్లాడింది, గాలికి సగం మాటలు ఎగిరిపోయాయి. వాన ఇంకా అటు రాలేదట. అక్కడ జరుగుతున్నది రెండు మాటల్లో చెప్పి, చేతులు ఖాళీ లేవని పెట్టేసింది.



"ఎవరమ్మా?" అంది పాప.

వాళ్ళ పక్కన నేల మీద కూర్చున్నాను. అంజమ్మ పెద్దమ్మ అని ఒకావిడ ఉంది, గొర్రెలకు జబ్బు రాకుండా సూదులు వేస్తుంది అని చెప్పాను. ఒకరోజు మందు పాడైంది, చూసుకోకుండా అరవై గొర్రెలకు వేసేసింది, తెలిశాక వాటిని కాసే మల్లేశం దగ్గరికి వెళ్ళి తప్పు నాది అని తనే చెప్పింది అని చెప్పాను.

సూది అనగానే చెయ్యి వెనక దాచుకున్న పాప, మెల్లగా ముందుకు తెచ్చుకుంది. "ఎవరికీ తెలీదుగా. ఎందుకు చెప్పింది?"

"గొర్రెలు బతకాలని."

"తిట్టారా?"

"తిట్టారు. ఇప్పుడు కూడా తిడుతున్నారు, ఫోన్‌లో వినిపించింది."

"మరి సూది?"

"వేస్తోంది. ఆ మల్లేశం తిడుతూనే ఒక్కో గొర్రెను పట్టుకుని ఆమెకు అందిస్తున్నాడు," అన్నాను.